ఓడినప్పుడల్లా కోచ్‌ను మారుస్తామా?

బెంజి సర్కిల్ దగ్గర ర్యాంకుల హోర్డింగులు మారినంత వేగంగా మనవాళ్లు కోచింగ్ సెంటర్లు మార్చేస్తున్నారు. రెండు వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గితే చాలు, ఇంటర్ కాలేజీ మారిపోతుంది. బీటెక్ అయ్యాక మూడు నెలలు జావా, ఆ తర్వాత డేటా సైన్స్, అదీ తేలకపోతే క్లౌడ్. 'ఫ్యాకల్టీ బాలేదు బ్రో' అన్నది ఎప్పుడూ రెడీగా ఉండే కారణం. నిజంగా బాలేకపోవచ్చు కూడా. కానీ ఇదే విజయవాడలో ఓ ఇంట్లో మూడు దశాబ్దాలుగా కోచ్ మారలేదు.

1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి చెస్ నేర్పింది తండ్రి అశోక్. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి మరీ ఆమెకు పూర్తికాలం కోచ్ అయ్యారు. 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. జూడిట్ పోల్గార్ రికార్డు బద్దలైంది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. మనకు పనికొచ్చేది ఆ తర్వాతి కథ.

ప్రపంచ మహిళల చాంపియన్‌షిప్ ఆమెకు అందలేదు. 2004లో సెమీస్‌లో ఆగిపోయింది. 2008, 2010ల్లోనూ సెమీసే, రెండుసార్లూ చైనా అమ్మాయి హూ యిఫాన్ చేతిలో. 2011లో టిరానాలో అదే హూ యిఫాన్‌తో టైటిల్ మ్యాచ్. 5.5-2.5తో ఓటమి, ఒక్క గేమూ గెలవలేదు. మన ఇళ్లలో అయితే ఈపాటికి పక్కింటి అంకుల్ నుంచి మేనమామ దాకా 'ముందు కోచ్‌ని మార్చండి' అనేవాళ్లే. అశోకే కొనసాగారు. 2016 నుంచి రెండేళ్లు ఆమె ఆటకే దూరం, మధ్యలో పాప పుట్టింది. 2018లో మళ్లీ బోర్డు ముందుకొచ్చింది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్! అంటే గ్రాండ్‌మాస్టర్ అయిన 17 ఏళ్లకు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాత ప్రాజెక్టులోకి కొత్త లీడ్ రాగానే 'ఇదంతా తీసేసి మళ్లీ రాద్దాం' అంటాడు. ఆ వింత లైను అక్కడ ఎందుకుందో తెలిసినవాడు అప్పటికే వేరే కంపెనీలో ఉంటాడు. చెస్ కోచ్ పనిలో సగం, ఓడిన గేమ్‌ని ముందేసుకుని ఎక్కడ తప్పిందో వెతకడమే. ఒక్క గేమ్ చూస్తే తప్పు ఎత్తు కనిపిస్తుంది. వందల గేములు చూసినవాళ్లకు అలవాటు కనిపిస్తుంది. టైమ్ తగ్గితే మీరు తొందరపడతారా, గెలిచే పొజిషన్‌లో భయపడతారా అన్నది కొత్త కోచ్‌కి తెలియాలంటే, ఆయన దగ్గర మళ్లీ అన్నిసార్లు ఓడాలి.

తండ్రి కాబట్టి కుదిరింది అంటారా? బ్యారేజీ దాటి గుంటూరు వైపు వెళ్దాం. ద్రోణవల్లి హారిక చిన్నప్పటి నుంచీ ఎన్.వి.ఎస్. రామరాజు దగ్గరే నేర్చుకుంది. 2012, 2015, 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో మూడుసార్లూ కాంస్యమే. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత మహిళల జట్టులో ఆమె ఉంది. డల్లాస్‌లో సెటిలై అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చిలో పడ్డ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే టామ్ బ్రాడీ గురించి అడగండి. జట్టు ఆటనంతా నడిపించే క్వార్టర్‌బ్యాక్ అతను. 2000 డ్రాఫ్ట్‌లో 199వ ఆటగాడిగా వచ్చాడు. కోచ్ బిల్ బెలిచిక్‌తో 20 సీజన్లు, ఆరు సూపర్ బౌల్స్.

అలాగని బాలేని చోటే పడి ఉండమని కాదు. చెప్పేవాళ్లు మీ తప్పుల లెక్కే పెట్టుకోకపోయినా, ఏడాది ఫీజు కట్టేశాం కదా అని ఆగితే అది ఓపిక కాదు, డబ్బు మీద బెంగ. మారే ముందు ఒక్క పని చేయండి. గత ఆరు టెస్టుల పేపర్లు తీసుకెళ్లి ముందు పెట్టి, 'సార్, నా తప్పుల్లో మళ్లీ మళ్లీ వస్తున్నదేంటి?' అని అడగండి. జవాబు వస్తే ఇంకొన్నాళ్లు ఉండొచ్చు. 'అందరికీ ఇంతే' అంటే ఆటో ఎక్కేయండి.

హంపి సంగతికొస్తే, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ తొలి రౌండ్‌లోనే ఓడింది. అప్పటికి వయసు 37. 11 రౌండ్లు అయ్యేసరికి 8.5 పాయింట్లతో రెండోసారి చాంపియన్. ఏడు నెలలకు బతుమిలో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లి దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది. హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య ఇంకా పుట్టనే లేదు.