అలల విద్యుత్తు – ముందు లెక్క, పిదప యంత్రము

సముద్రపుటలలనుండి విద్యుత్తు తీయవచ్చునని వినగనే యంత్రము తెప్పింపుడనువారు కలరు. యంత్రమునకు ముందు లెక్క కావలెనని మేము మనవి చేయుచున్నాము.

స్వీడన్ దేశపు పడమటితీరమున, లీసెకిల్ చెంత, ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు 2006లో ఇట్టి యంత్రమును కడలి యడుగున నిలిపిరి. నీటిపై తేలెడి పీపా అలతో లేచును. దానికి గట్టిన త్రాడు శాశ్వతాయస్కాంతముల వరుసను తీగచుట్టల నడుమ పైకి లాగును. అల దిగునపుడు స్ప్రింగులు క్రిందికి లాగును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే యిది. తిరుగు చక్రము లేదు, పండ్లచక్రములును లేవు.

అయితే అల మందగమని. సెకనుకు 1 మీటరు వేగమున 10 కిలోవాట్లు రాబట్టవలెనన్న, నష్టములు విడిచినను, 10,000 న్యూటన్ల బలము, అనగా రమారమి ఒక టన్ను నెత్తునంత బలము వలయును. వేగము సగమైనచో బలము రెట్టింపు కావలెను. అందులకే అయస్కాంతములు పెక్కు కావలసివచ్చును, అవియో వెలగలవి. పైగా రాకపోకల కొసలయందు వేగము సున్న, వోల్టేజియు సున్న.

అయస్కాంతముల మందము, నడిమి సందు, చుట్ల సంఖ్య – వీనిని అక్షరములుగా నుంచి సమీకరణములు సాధించినచో, దేనిని మార్చిన నేది మారునో తేటపడును. కంప్యూటరు యంత్రమును వేలతునకలుగా విభజించి చేయు గణన ఒక్కొక్క రూపమునకు ఒక్కొక్క జవాబే యిచ్చును. కాని ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయినపుడు సులభసూత్రము తప్పును. అచ్చట నా గణనయే శరణ్యము. కావున రెండును వలయును, తుదితీర్పు సముద్రముది.

సూత్ర మెఱిగినవాడు తన తీరపుటలకు దగినట్లు యంత్రమును మార్చుకొనును. ఎఱుగనివాడు కొన్నదానితో సరిపెట్టుకొనవలసినదే.