ఇంజను వేడెక్కుట: కారణము కనుగొను విధము



మన ఆత్రేయపురము ప్రాంతమున నేడు పెక్కు కుటుంబములకు ట్రాక్టరో, కొబ్బరికాయలు తోలు వ్యానో, ప్రయాణములకు కారో కలదు. బండి నడుపుట అందరికిని తెలియును గాని ఇంజను వేడెక్కినప్పుడు దోషము ఎచ్చట నున్నదో విచారించువారు కొందరే. సూచిక ముల్లు ఎర్రగీత చేరిన పిదప గూడ "ఇల్లు దగ్గరే గదా" యని నడిపినచో సిలిండరు హెడ్డు వంగును, గాస్కెట్టు చెడును. పంటమీద వచ్చిన సొమ్ము మరమ్మత్తునకు పోవును. కావున ఈ విషయమును సభ్యులకు వివరింప దలచితిమి.

ముందుగా యంత్రము చల్లబడు విధము తెలియవలెను. మండిన ఇంధనపు శక్తిలో సుమారు మూడవవంతు మాత్రమే పనికి వచ్చును. తక్కినది వేడిగా మారి, కొంత పొగగొట్టము ద్వారా పోవును, కొంత నీటిలో చేరును. పంపు ఈ నీటిని ఇంజను చుట్టు త్రిప్పి రేడియేటరునకు పంపును. అచ్చటి సన్నని గొట్టముల నడుమ గాలి దూరి నీటిని చల్లార్చును. ఇంజను తగినంత వేడెక్కువరకు నీటిని ఆపి, సుమారు 80, 90 డిగ్రీల నడుమ విడుచు తలుపు ఒకటి కలదు. దానిని థర్మోస్టాటు అందురు. లొల్ల లాకుల తలుపులు కాలువకు చేయు పనినే అది ఇంజనునకు చేయును.

ఇక దోషము కనుగొనుటకు మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: బండి ఎప్పుడు వేడెక్కుచున్నది? నిలిచినప్పుడా, పరుగెత్తునప్పుడా?

శనివారము వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనమునకు పోవు కార్లు రద్దీలో నిలిచి నిలిచి కదలును. అట్టి చోట ముల్లు పైకెక్కి, దారి దొరికి బండి సాగగానే క్రిందికి దిగినచో దోషము చాలవరకు ఫ్యానుదే. బండి సాగునప్పుడు గాలి తనంతట తానే రేడియేటరులో దూరును. నిలిచినప్పుడు ఫ్యాను లాగినగాని గాలి రాదు.

ఇందుకు విరుద్ధముగా, నిలిచినప్పుడు బాగుగానుండి, రావులపాలెము దాటి పెద్దరోడ్డుమీద వేగముగా పోవునప్పుడు వేడెక్కినచో ఫ్యానును నిందింప బనిలేదు. నీరు తగ్గియుండవచ్చును, రేడియేటరు పూడియుండవచ్చును, థర్మోస్టాటు పూర్తిగా తెరచుకొనక పోవచ్చును, లేదా పంపు చెడియుండవచ్చును. రెండు వేళలందును వేడెక్కినచో మొదట నీటిమట్టము చూచి, కారుట ఎచ్చటనో వెదకవలెను. నూనె పాలవలె తెల్లబడినను, పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి ఎడతెగక వచ్చినను గాస్కెట్టును అనుమానింపవలెను. అట్టి బండిని నడుపరాదు.

కారు ఫ్యాను సాధారణముగా విద్యుత్తుతో తిరుగును. దానిని పరీక్షించుట సులభము. ఇంజను నడుచుచుండగా ఏ.సీ. వేసినచో చాల కార్లలో కొద్దిసేపటికే ఫ్యాను తిరుగవలెను. తిరుగనిచో మొదట ఫ్యూజు చూడవలెను. పిదప రిలేను అదే రకపు మరియొక రిలేతో మార్చి చూడవలెను. అప్పటికిని తిరుగనిచో మెకానిక్కు చేత ఫ్యాను తీగ విడదీయించి, 12 వోల్టుల బ్యాటరీనుండి నేరుగా కరెంటు ఇప్పింపవలెను. తిరిగినచో మోటారు మంచిది, దోషము తీగలందో, రిలేయందో, వేడిని తెలుపు సెన్సరునందో కలదు. తిరుగనిచో మోటారే కాలినది. మోటారు మార్చిన పిదప తీగలు తారుమారైనచో ఫ్యాను వెనుకకు తిరుగును. ఫ్యాను రేడియేటరునకు వెనుకనున్న కారులో, ముందువైపు ఒక కాగితమును పట్టిన యెడల అది రేడియేటరునకు అంటుకొనవలెను. ఇంజను ఆపిన తరువాత గూడ ఫ్యాను హఠాత్తుగా తిరుగవచ్చును గనుక వ్రేళ్లు దగ్గరకు పోనీయరాదు.

ట్రాక్టరునందు ఫ్యానును సాధారణముగా బెల్టు త్రిప్పును. ఇంజను ఆపి బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. ఎక్కువగా లోనికి పోయినచో వదులైనదని గుర్తు. సార్వా, దాళ్వా నూర్పిళ్లలో ఊకయు పొట్టును రేడియేటరు సందులలో చేరి గాలిని ఆపును. ఇంజను చల్లారిన పిదప ఫ్యాను వైపునుండి వెలుపలికి మెల్లగా నీరు కొట్టి దానిని కడుగవలెను.

దారిలో వేడెక్కినచో ఏ.సీ. ఆపి, హీటరు పూర్తిగా వేసి, బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. మూత మాత్రము తీయరాదు. లోపల ఒత్తిడి యుండుటచే నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత వదలగానే అది ఆవిరియై ముఖమున జిమ్మును. పూర్తిగా చల్లారిన పిదపనే మందపు గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో లోహము పగులవచ్చును.

కాలువ నీటిని రేడియేటరులో పోయు అలవాటు మంచిది కాదు. గోదావరి యొండ్రు సన్నని గొట్టములలో పేరుకొనును. తయారీదారు చెప్పిన కూలెంటును, శుద్ధజలమును చెప్పిన పాళ్లలో వాడవలెను. చాల కూలెంట్లలోని గ్లైకాలు తీపిగానుండు విషము. బిడ్డలకును పశువులకును అందకుండ భద్రపరుపవలెను.

మెకానిక్కు వద్దకు పోవునప్పుడు "బండి వేడెక్కుచున్న"దని మాత్రమే చెప్పక, నిలిచినప్పుడో పరుగులోనో, ఫ్యాను తిరుగుచున్నదో లేదో, నీరెంత తగ్గినదో చెప్పుడు. ఈ మూడు మాటలు చెప్పగల సభ్యునకు అక్కరలేని భాగములు మార్పించుకొను ఖర్చు తప్పును.