మీకు తెలుసా? సారథీ స్టూడియోకి చలం చుట్టమే!

అమీర్‌పేట మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టల్ ప్రకటనలు దాటుకుంటూ వెళ్తే సారథీ స్టూడియో వస్తుంది. హైదరాబాద్‌లో మొదటి సినిమా స్టూడియో అదే. పూర్తిగా ఈ ఊళ్ళోనే తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడిదే. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. ఆ స్టూడియోను కట్టించిన చల్లపల్లి రాజావారు అంతకు రెండు దశాబ్దాల ముందే గూడవల్లి రామబ్రహ్మంతో కలిసి సారథి ఫిలిమ్స్ పెట్టారు. ఆ సంస్థ తొలి సినిమా ‘మాలపిల్ల’ (1938). దాని కథ ఎవరిదనుకున్నారు? సాక్షాత్తూ రచయిత చలానిది. మాటలు తాపీ ధర్మారావువి.

మన సాహిత్యం తెరకెక్కడం అక్కడితో ఆగలేదు. తెలుగులో మొట్టమొదటి ఉత్తమ చిత్రం నంది ఒక నవలా చిత్రానికే దక్కింది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ఆధారంగా తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) అది. గొల్లపూడి మారుతీరావు సినిమాల్లో అడుగుపెట్టింది దానితోనే. అదే రచయిత్రి ‘ప్రేమనగర్’ 1971లో ఎంత ఆడిందో చెప్పక్కర్లేదు.

అయితే అన్ని నవలలకూ అంత అదృష్టం పట్టలేదు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదివినవాళ్ళెవరూ ఇందిరను మర్చిపోరు. తన బతుకు తాను బతికే పిల్ల, మంచి చెడ్డల కొలతలకు లొంగని పిల్ల. ఆ నవలను ఆధారం చేసుకున్న ‘చదువుకున్న అమ్మాయిలు’ (1963) హాయిగా నవ్వించే సినిమా, పాటలూ బాగుంటాయి. కానీ అందులో ఇందిర కోసం వెతికితే మాత్రం నిరాశే. నవలకు ప్రాణమైన మనిషినే మెత్తబరిచాక మిగిలేది కథాంశమే.

‘సెక్రటరీ’ది ఇంకో చిక్కు. యద్దనపూడి సులోచనారాణి నవల ‘జ్యోతి’ మాసపత్రికలో వస్తున్నప్పుడు నెలనెలా ఎదురుచూసిన పాఠకురాళ్ళు, కథానాయకుడు రాజశేఖరం బొమ్మను ఎవరికి వాళ్ళు మనసులో గీసుకున్నారు. 1976లో సినిమా వచ్చేసరికి ఆ వేషం వేసిన అక్కినేనికి యాభై దాటాయి. కథానాయిక జయంతిగా వాణిశ్రీ. సినిమా చూసొచ్చి ‘మా రాజశేఖరం ఇలా ఉండడు’ అనుకున్నవాళ్ళను తప్పుపట్టగలమా? ఊహకు పోటీగా ఏ హీరో నిలబడతాడు చెప్పండి.

అదే యద్దనపూడి నవల ‘మీనా’ మాత్రం గట్టిది, రెండు తరాలకు తెరమీద కనిపించింది. 1973లో విజయనిర్మల తెలుగులో దర్శకురాలిగా తీసిన తొలి సినిమా అదే. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ వచ్చినప్పుడు పంజాగుట్ట మల్టీప్లెక్సుల్లో కుర్రకారుకు అది కొత్త కథ. పక్కనే కూర్చున్న అమ్మలు మాత్రం ఇంటర్వెల్‌లోపే ‘ఇది మీనా కదే!’ అని పట్టేశారు.

ఇంతకీ చలం సంగతి. 2004లో ఇంద్రగంటి మోహనకృష్ణ ఆయన ‘దోషగుణం’ కథను ‘గ్రహణం’గా తీసి, తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. అది నవల కాదు, చిన్న కథ. కోతపెట్టే పని లేదు, పైగా ఊపిరి పీల్చుకోవడానికి చోటుంది. నా లెక్కలో తెలుగు సాహిత్యం తెరమీద చెక్కుచెదరకుండా నిలబడ్డ సినిమాల్లో ముందువరస దానిదే. చూడకపోతే చూడండి, కథ మాత్రం ముందు చదవండి.