తెరుచుకోని వీడియో ఫైలు – కవరు, లిపి

కళాశాలలో వార్షికోత్సవం గాని, ముషాయిరా గాని, కవి సమ్మేళనం గాని జరిగినప్పుడు నేడు పదిమంది విద్యార్థులు పది రకాల ఫోన్లతో దానిని చిత్రిస్తారు. ఆ దృశ్యాలను ఒకచోట చేర్చి, కత్తిరించి, కూర్చబోయే వారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కొన్ని ఫైళ్లు చక్కగా తెరుచుకుంటాయి. కొన్నింటిలో మాట వినిపిస్తుంది గాని బొమ్మ కనిపించదు. మరికొన్నింటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు అసలు స్వీకరించదు. ఫైలు చెడిపోయినదని భావించి దానిని తుడిచివేస్తే కలిగే నష్టం తీరనిది. అందులో ఒక వృద్ధకవి కంఠం ఉండవచ్చు. ఆ సభ మరల జరగదు. కనుక ఈ చిక్కు స్వరూపాన్ని, దాని పరిష్కారాన్ని మేము ఇక్కడ వివరించదలచినాము.

ప్రతి వీడియో ఫైలులోను రెండు అంశాలు ఉన్నాయి. మొదటిది కంటైనరు. బొమ్మను, ధ్వనిని కలిపి ఉంచే కవరు వంటిది ఇది. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ, ఏవీఐ అనేవి ఇటువంటి కవర్ల పేర్లు. రెండవది కోడెక్. దృశ్యాన్ని కుదించి వ్రాసిన లిపి ఇది. 2003లో వెలువడిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1 ఇటువంటి లిపులు.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఈ భేదం సులభంగానే బోధపడుతుంది. ఒకే రకం కవరులో ఉర్దూ ఉత్తరమూ రావచ్చు, తెలుగు ఉత్తరమూ రావచ్చు. కవరు విప్పినంత మాత్రాన ఉత్తరం చదివినట్లు కాదు. చదవలేకపోయినంత మాత్రాన అది చిరిగిన ఉత్తరమూ కాదు. ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చడం కవరుపై చిరునామా మార్చడం వంటిదే. లోపలి లిపి మారదు.

సాఫ్ట్‌వేర్లు అన్ని లిపులూ ఎందుకు నేర్వవు? హెచ్.264, హెచ్‌ఈవీసీ వంటి వాటికి పేటెంటు రుసుములు ఉండడం ఒక కారణం. పాతవాటికి మద్దతు నిలిపివేయడం మరొక కారణం. 2019లో వచ్చిన మాక్ఓఎస్ కాటలినా 32 బిట్ల ప్రోగ్రాములను విడిచిపెట్టడంతో, వాటిపై ఆధారపడిన పాత కోడెక్‌లు కూడా పనికిరాకుండా పోయినవి.

ఇక పరిష్కారం. ముందుగా ఫైలును వీఎల్‌సీలో ఆడించి చూడాలి. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు ప్రారంభించిన కృషి నుండి పుట్టిన ఈ ఉచిత ప్రోగ్రాముకు అనేక కోడెక్‌లు స్వయంగా తెలుసు. అందులో ఆడినదంటే ఫైలు చెడిపోలేదని అర్థం. తరువాత మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంతో కవరు ఏది, లిపి ఏది అని తెలుసుకోవాలి.

లిపి తెలిసినదే అయి, కవరు మాత్రమే కొత్తదైతే, కవరు మార్చితే చాలు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఈ పనిని త్వరగా చేస్తుంది. బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గదు. లిపియే తెలియనిదైతే అనువాదం తప్పదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాముతో హెచ్.264లోకి మార్చవచ్చు. ఎడిటింగు కొరకే రూపొందిన ప్రోరెస్‌లోకి మార్చితే నాణ్యత బాగా నిలుస్తుంది గాని, 1080 రేఖల చిత్రం గంటకు సుమారు 66 గిగాబైట్ల స్థలం తీసుకుంటుంది.

ఫోన్లు తరచుగా సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ చిత్రిస్తాయి. అందువలన ఎడిటింగులో మాటకు, పెదవి కదలికకు పొత్తు తప్పవచ్చు. మార్చేటప్పుడు స్థిరమైన ఫ్రేము రేటును ఎంచుకుంటే ఈ దోషం తొలగుతుంది. ఊరుపేరు తెలియని చోట్ల లభించే కోడెక్ మూటలను మాత్రం కంప్యూటరులోకి రానీయరాదు. వాటి వెంట వైరసులు రావచ్చు.

గజలును తెలుగులోకి, ఆ తెలుగును ఇంగ్లీషులోకి మార్చుకుంటూ పోతే ప్రతిసారీ కొంత సొగసు జారిపోతుంది. వీడియో అనువాదమూ అంతే. కావున మార్చిన ప్రతితో పని చేసుకున్నా, మూల ఫైలును వేర్వేరు చోట్ల రెండు ప్రతులుగా భద్రపరచాలి. నేడు మనకు చదవరాని లిపిని రేపు చదవగలిగేవారు రావచ్చు. తుడిచివేసిన ఉత్తరాన్ని మాత్రం ఎవరూ చదవలేరు.