మనిషి మరిచినా మనసు మరవదు

జరిగింది గుర్తుండదు, భయం మాత్రం పోదు. ఎందుకని? ఒకే అనుభవాన్ని మెదడు రెండు చోట్ల దాచుకుంటుంది మరి!

జెనీవాలోని ఓ మానసిక వైద్యశాలలో ఒకామె రోగి. కోర్సకాఫ్ జబ్బు వల్ల కొత్త విషయమేదీ గుర్తుండేది కాదు. రోజూ చూసే డాక్టర్ ఎడ్వార్డ్ క్లాపరేద్‌ని కూడా ప్రతిసారీ కొత్తవాడిలాగే పలకరించేది. ఒకసారి ఆయన వేళ్ల సందున గుండుసూది దాచుకుని ఆమెతో చేయి కలిపారు. చురుక్కుమంది. కాసేపటికి ఆ సంగతే మరిచిపోయింది. కానీ ఆయన మళ్లీ చేయి చాపేసరికి చటుక్కున తన చేయి వెనక్కి లాక్కుంది. కారణం అడిగితే, తనకు సూది గుచ్చుకున్న సంగతి మాత్రం చెప్పలేకపోయింది. క్లాపరేద్ 1911లో ఈ ఉదంతాన్ని ప్రచురించారు. ఆమెకు సూది గుర్తులేదు కానీ, దాని పోటు నేర్పిన జాగ్రత్త ఎక్కడికీ పోలేదు.

కుట్టేది ఒకటి, కాపు కాసేది ఒకటి

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు... ఈ వివరాలన్నిటినీ ఒక్క జ్ఞాపకంగా కుట్టేది హిప్పోక్యాంపస్. కణతల లోపలివైపు రెండు పక్కలా ఉంటుంది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మోలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి ఆపరేషన్ చేసి, రెండు వైపులా దాన్ని చాలామటుకు తీసేశారు. చిన్ననాటి సంగతులు మిగిలాయి కానీ, ఆ తర్వాత బతికిన 55 ఏళ్లలో కొత్త జ్ఞాపకమంటూ దాదాపు ఏదీ నిలవలేదు. పాత జ్ఞాపకాలు కాలక్రమంలో మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో స్థిరపడతాయన్న ఆలోచనకు ఆయన కేసే బలమైన ఆధారమైంది.

హిప్పోక్యాంపస్‌కు ముందు ఆనుకుని బాదంగింజంత అమిగ్డలా ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేసే పని దానిది.

నీలం రంగు, హారన్ మోత

ఈ రెండిటి పనీ వేరని అయోవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1995లో చక్కగా నిరూపించారు. తెరపై రకరకాల రంగులు చూపిస్తూ, నీలం వచ్చినప్పుడు చెవులు చిల్లులు పడేలా హారన్ మోగించారు. భయపడితే చర్మానికి పట్టే సూక్ష్మమైన చెమటను కొలిచారు. అమిగ్డలా దెబ్బతిన్న రోగి నీలం తర్వాత హారన్ మోగుతుందని స్పష్టంగా చెప్పింది, ఒంట్లో మాత్రం చలనం లేదు. హిప్పోక్యాంపస్ పాడైన రోగి ఏ రంగుకు మోగిందో చెప్పలేకపోయాడు, కానీ నీలం కనబడితే చెమట పట్టింది!

ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ రెండూ చేయీచేయీ కలిపి పనిచేస్తాయి. గుండె దడదడలాడినప్పుడు విడుదలయ్యే ఒత్తిడి హార్మోన్లు అమిగ్డలాను తట్టిలేపితే, అది హిప్పోక్యాంపస్ చేత ఆ ఘటనను మరింత గట్టిగా నమోదు చేయిస్తుంది. నిన్నటి కూర గుర్తుండకపోయినా ఏనాటి ప్రమాదమో కళ్లముందు కదలడం అందుకే. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం కొందరికి ప్రొప్రనొలాల్ మాత్ర ఇచ్చి ఒక ప్రమాదం కథ చెప్పింది. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు అది. వారం తర్వాత అడిగితే, మాత్ర వేసుకోనివారికి కథలోని గుండెలు అదిరే ఘట్టం మిగతా భాగాలకన్నా బాగా గుర్తుంది. వేసుకున్నవారిలో ఆ తేడా కనబడలేదు.

పలకరింపు వృథా కాదు

అయోవా పరిశోధకులే 2014లో అల్జీమర్స్ రోగులకు విషాద దృశ్యాలు, నవ్వించే దృశ్యాలు విడివిడిగా చూపించారు. చూసింది మరిచిపోయాక కూడా ఆ దిగులూ, ఆ ఉల్లాసమూ వాళ్లలో కొనసాగాయి. కాబట్టి ‘మనం వెళ్లినా తాతయ్యకు గుర్తుండదుగా’ అనే వంక చెల్లదు. ఎలాగూ మరిచిపోతారని కసురుకోవడమూ తగదు. వచ్చిందెవరో ఆయనకు గుర్తుండకపోవచ్చు కానీ, మీరు నవ్వించి వెళ్లాక ఆయనకు కాసేపైనా తేలిగ్గా గడవొచ్చు.