అమెరికా కళాశాల క్రీడలలో పురుషుల సాకర్: ప్రేక్షకాదరణ, ఆదాయం - సాధ్యాసాధ్యాల పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య పురుషుల సాకర్‌లో జాతీయ స్థాయి పోటీలు 1959 నుండి జరుగుతున్నాయి. ఆరు దశాబ్దాలు దాటినా ఈ ఆట అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వలె విశ్వవిద్యాలయాలకు ఆదాయం తెచ్చే స్థితికి చేరలేదు. అదే దేశంలో వృత్తి సాకర్ మాత్రం పెద్ద క్రీడాప్రాంగణాలను నింపుతోంది. ఈ వైరుధ్యానికి కారణం ఆట స్వభావంలో కాక కళాశాల క్రీడా వ్యవస్థ నిర్మాణంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆదరణ ఏ పరిస్థితులలో సాధ్యమైందో, లాభం ఎందుకు దూరంగా నిలిచిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కళాశాల క్రీడలు, సాకర్, ఎన్.సి.ఏ.ఏ., టైటిల్ నైన్, ప్రసార హక్కులు, ఉపకారవేతనాలు.

1. ఉపోద్ఘాతం:
ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో నిప్పర్ట్ స్టేడియం అనే పాత మైదానం ఉంది. అది విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సొంత మైదానం. 2016లో ఎఫ్.సి. సిన్సినాటి అనే కొత్త వృత్తి సాకర్ జట్టు దానిని తన మ్యాచ్‌లకు వాడుకోవడం మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరానికే ఆ జట్టు మ్యాచ్‌లకు వచ్చే ప్రేక్షకుల సగటు ఇరవై వేలు దాటింది. 2019లో ఆ జట్టు దేశంలోని అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ సాకర్‌లో చేరింది. 2020 ఏప్రిల్‌లో అదే విశ్వవిద్యాలయం తన సొంత పురుషుల సాకర్ జట్టును శాశ్వతంగా రద్దు చేసింది.

ఒకే ఊరు, ఒకే ప్రాంగణం, ఒకే ఆట. ఒక జట్టుకు వేలాది ప్రేక్షకులు, మరొక జట్టుకు మూసివేత. అమెరికన్లకు సాకర్ అంటే ఇష్టం లేదన్న పాత వివరణ ఇక్కడ పనికిరాదు. మరి కళాశాల సాకర్‌కు మాత్రమే ఈ స్థితి ఎందుకు కలిగింది? అది మారే అవకాశం ఉందా?

పరిభాషను గురించి ఒక మాట అవసరం. తెలుగువారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికన్లు సాకర్ అంటారు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే శిరస్త్రాణాలు ధరించి, కోలబంతిని చేతితో పట్టుకొని ఆడే వేరొక ఆట. ఈ వ్యాసంలో ఆ రెండు పదాలూ అమెరికా వాడుకలోనే ఉన్నాయి. మన అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు టిక్కెట్టు కొని వెళ్ళే అలవాటు అంతగా లేదు. అమెరికాలో ప్రధాన విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలు టిక్కెట్లు, ప్రసార హక్కులు, దాతల విరాళాలపై నడిచే పెద్ద వ్యాపార సంస్థల వంటివి. లాభనష్టాల ప్రశ్న అక్కడ ఒక జట్టు ఉండాలా పోవాలా అన్న ప్రశ్నగా మారడానికి కారణం ఇదే.

2. చారిత్రక నేపథ్యం:
1869 నవంబరు 6న ప్రిన్స్‌టన్, రట్గర్స్ కళాశాలల మధ్య జరిగిన మ్యాచ్‌ను అమెరికన్ ఫుట్‌బాల్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. నిజానికి ఆనాడు ఒక్కో పక్షాన ఇరవై ఐదుగురు ఆడిన ఆట నేటి ఫుట్‌బాల్ కంటే సాకర్‌కే దగ్గరగా ఉండేది. బంతిని చేతపట్టి పరుగెత్తడం అందులో నిషిద్ధం. 1873లో కొన్ని కళాశాలలు సమావేశమై సాకర్ తరహా నియమాలకు ఒప్పుకున్నాయి. హార్వర్డ్ మాత్రం చేతులతో బంతిని పట్టుకొనే తన ఆటను వదలడానికి ఇష్టపడక దూరంగా ఉండిపోయింది. 1874లో కెనడాకు చెందిన మెక్‌గిల్ విశ్వవిద్యాలయంతో ఆడి రగ్బీ పద్ధతికి ఆకర్షితమైంది. 1876 నాటికి మిగిలిన ప్రధాన కళాశాలలు కూడా హార్వర్డ్ మార్గాన్నే అనుసరించాయి.

అంటే సాకర్ ఈ విశ్వవిద్యాలయాలకు పరాయి ఆట కాదు, తొలి అడుగులోనే వదులుకున్న ఆట. పూర్వవిద్యార్థులు ఏటా తిరిగివచ్చే ఉత్సవం, శనివారపు జనసందోహం, బృందవాద్యం, విరాళాల సంప్రదాయం మొదలైనవన్నీ తరువాతి యాభై ఏళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ చుట్టూ అల్లుకున్నాయి. 1959లో సాకర్‌కు జాతీయ పోటీలు ఏర్పడే నాటికి ఆ స్థానం ఖాళీగా లేదు.

3. ఆదరణ పొందిన స్థలాలు:
కళాశాల సాకర్‌కు జనం రాలేదనడం పూర్తి సత్యం కాదు. మొదటి జాతీయ పోటీలో గెలిచిన సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1973 నాటికి పది పర్యాయాలు విజేతగా నిలిచింది. ఆ నగరంలోని కాథలిక్ చర్చిల పరిధిలో బాలుర సాకర్ పోటీలు బలంగా ఉండేవి. 1950 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌ను 1-0 తేడాతో ఓడించిన అమెరికా జట్టులో ఐదుగురు ఆ నగరంవారే. వారిలో ఒకరైన హ్యారీ కియో తరువాత ఆ విశ్వవిద్యాలయానికి శిక్షకుడై ఐదు జాతీయ విజయాలు సాధించిపెట్టాడు. 1980లో పొరుగున ఉన్న ఎడ్వర్డ్స్‌విల్ విశ్వవిద్యాలయంతో బుష్ స్టేడియంలో జరిగిన మ్యాచ్‌కు 22,512 మంది హాజరయ్యారు. వీధి పిల్లలు, చర్చి జట్టు, కళాశాల జట్టు ఒకే వరుసలో ఉన్నందువల్ల మైదానంలో ఆడేవారు ప్రేక్షకులకు తెలిసినవారే అయ్యారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖది మరొక ఉదాహరణ. అక్కడి హార్డర్ స్టేడియంలో 2010లో యు.సి.ఎల్.ఏ. జట్టుతో జరిగిన మ్యాచ్‌కు 15,896 మంది వచ్చారు. పొరుగునున్న కాల్ పాలీతో జరిగే మ్యాచ్‌లకు నేటికీ వేలమంది వస్తారు. గోలు పడగానే మైదానంలోకి టోర్టియా రొట్టెలు విసరడం ఆ విద్యార్థుల ఆచారం. రిఫరీలకు అది నచ్చదు కాని, ఒక ఆట తమదని విద్యార్థులు భావించారనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు. ఒమాహాలోని క్రైటన్ విశ్వవిద్యాలయానికి సాకర్ కోసమే నిర్మించిన మోరిసన్ స్టేడియం ఉంది. 2024 డిసెంబరులో వెర్మాంట్ విశ్వవిద్యాలయం ఫైనల్‌లో మార్షల్‌ను అదనపు సమయంలో 2-1తో ఓడించి మొదటిసారి విజేత అయినప్పుడు ఆ చిన్న రాష్ట్రమంతా దానిని తన విజయంగా జరుపుకొంది.

ఈ నాలుగింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. వీటిలో ఏ ఒక్క విశ్వవిద్యాలయానికీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లేదు. క్రైటన్ 1942లోను, సెయింట్ లూయిస్ 1940ల చివరిలోను, వెర్మాంట్ 1974లోను, శాంటా బార్బరా 1990ల తొలినాళ్ళలోను ఆ ఆటను విడిచిపెట్టాయి. మేరీలాండ్, ఇండియానా వంటి మినహాయింపులున్నాయి. ఇండియానా ఎనిమిదిసార్లు జాతీయ విజేత. అయితే ఆ ప్రాభవం వెనుక జెర్రీ యేగ్లీ వంటి శిక్షకుల మూడు దశాబ్దాల కృషి ఉంది. ప్రతి విశ్వవిద్యాలయానికీ అటువంటి వ్యక్తి దొరకడు. అందువల్ల సాకర్‌కు ఆదరణ లేకపోవడానికి ఆటపట్ల విముఖత కంటే ఆ ఋతువులో మరొక ఆట ఆక్రమించిన స్థలమే ప్రధాన కారణమని భావించవచ్చు.

4. కాలపట్టిక సమస్య:
కళాశాల సాకర్ ఆగస్టు చివర మొదలై డిసెంబరు మధ్యకు ముగుస్తుంది. సరిగ్గా ఇదే అమెరికన్ ఫుట్‌బాల్ కాలం. ఇంత తక్కువ వ్యవధిలో పూర్తి పోటీని ఇరికించడంవల్ల జట్లు తరచు వారానికి రెండేసి మ్యాచ్‌లు ఆడవలసి వస్తుంది. ఆటగాళ్లు అలసిపోతారు, గాయపడతారు, మామూలు రోజుల్లో తరగతులకు దూరమవుతారు. కీలకమైన చివరి మ్యాచ్‌లు గడ్డకట్టే చలిలో జరుగుతాయి. ఆటగాళ్లను తరచు మార్చుకొనే వీలు, వెనక్కి లెక్కించే గడియారం వంటి ప్రత్యేక నియమాలు కళాశాల సాకర్‌ను ప్రపంచం చూసే ఆటకు కొంత దూరం చేశాయి. యూరప్ మ్యాచ్‌లను వారాంతాల్లో చూసే అమెరికన్ అభిమానికి ఇది ఏదో పాఠశాల ఆటలా కనిపిస్తుంది.

ఈ సందర్భంలో కళాశాల బేస్‌బాల్‌తో పోలిక ఉపయోగకరం. ఆ ఆట ఫిబ్రవరి మధ్యలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. అంటే ఫుట్‌బాల్‌తో దానికి పోటీ లేదు. దాని అంతిమ పోటీలు 1950 నుండి ఒమాహా నగరంలోనే జరుగుతుండడంవల్ల అదొక యాత్రాస్థలంగా మారింది. దక్షిణాది విశ్వవిద్యాలయాలలో ఫుట్‌బాల్ అభిమానులే వసంతంలో బేస్‌బాల్ అభిమానులవుతారు. లూసియానా స్టేట్ వంటిచోట బేస్‌బాల్ లాభం చూపిన సందర్భాలున్నాయి. సాకర్ అంతిమ పోటీలకు అటువంటి శాశ్వత చిరునామా ఏర్పడలేదు. ఉత్తర కరోలినాలోని కేరీ పట్టణం తరచు ఆతిథ్యమిస్తున్నా అది ఇంకా ఒమాహా కాలేదు.

సాకర్‌ను రెండు సెమిస్టర్లకూ విస్తరింపజేసి, జాతీయ పోటీలను వసంతానికి మార్చాలని మేరీలాండ్ శిక్షకుడు సాషో సిరోవ్‌స్కీ ప్రభృతులు ఎన్నో ఏళ్లుగా కోరుతున్నారు. పురుషుల జట్ల శిక్షకులలో అత్యధికులు సమర్థించినా ప్రతిపాదన చాలాకాలం ఆమోదం పొందలేకపోయింది. 2025లో అమెరికా సాకర్ సమాఖ్య ఏర్పరచిన సంఘం కూడా ఇదే దిశలో సూచనలు చేసింది. కోవిడ్ కారణంగా 2020 నాటి పోటీలు 2021 వసంతంలో జరిగి మార్షల్ విజేతగా నిలిచింది. ఆ అనుకోని ప్రయోగం వసంతంలో పోటీ నిర్వహించడం సాధ్యమేనని చూపింది. ప్రేక్షకులపై ఆంక్షలున్న కాలం కనుక జనం వస్తారా అన్న అసలు ప్రశ్నకు మాత్రం దానినుండి సమాధానం దొరకలేదు.

5. ఆటగాళ్ల మూలం:
1990 ప్రపంచ కప్‌కు వెళ్లిన అమెరికా జట్టులో అత్యధికులు కళాశాలలనుండి వచ్చినవారే. వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని 1991-94 మధ్య వరుసగా నాలుగుసార్లు విజేతగా నిలిపిన బ్రూస్ అరీనా తరువాత జాతీయ జట్టు శిక్షకుడై 2002 ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్ వరకు తీసుకువెళ్ళాడు. ఆ దారి ఇప్పుడు ఇరుకైంది. వృత్తి సంఘాలు తమ అకాడమీలలో బాలురను తయారుచేసుకుంటున్నాయి. క్రిస్టియన్ పులిసిక్ వంటివారు పదహారేళ్ళకే యూరప్ వెళ్లారు. ఫుట్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో రేపటి తారను ఈనాడు కళాశాల మైదానంలో చూడగలమన్న ఆకర్షణ ఉంటుంది. సాకర్ ఆ ఆకర్షణను చాలావరకు పోగొట్టుకుంది.

ఆ ఖాళీని విదేశీ విద్యార్థులు నింపుతున్నారు. ఇదేమీ కొత్త కాదు. 1974లో ఓటమి లేకుండా జాతీయ విజేతగా నిలిచిన హోవర్డ్ విశ్వవిద్యాలయపు జట్టులో కరీబియన్, ఆఫ్రికా దేశాల విద్యార్థులే ముఖ్యులు. ఆట ప్రమాణం వారివల్ల పెరిగింది. అయితే సెయింట్ లూయిస్‌లో వలె మన వీధి కుర్రవాడు అన్న బంధం స్థానిక ప్రేక్షకులకు వారితో ఏర్పడడానికి సమయం పడుతుంది. మరొక చిక్కు వీసాది. అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులందరికీ ఎఫ్-1 వీసా ఉద్యోగ నిబంధనలు ఎంత కఠినమో తెలుసు. సహ ఆటగాళ్లు ప్రచారాల ద్వారా సంపాదిస్తున్నా అదే వీసాపై ఉన్న ఆటగాడు ఆ సొమ్మును సులభంగా తీసుకోలేడు.

6. లాభనష్టాల లెక్క:
పెద్ద విశ్వవిద్యాలయాల ఆదాయంలో ప్రధానభాగం ప్రసార హక్కులది. ఆ హక్కులను ఒక్కో ఆటకు విడిగా కాక, విశ్వవిద్యాలయాల సమూహాలైన కాన్ఫరెన్స్‌లు మూటగా అమ్ముతాయి. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2023లో మొదలైన ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైబడింది. ఆ ధర ప్రధానంగా ఫుట్‌బాల్‌ది. సాకర్ కూడా అదే మూటలో ఉన్నా లెక్కల పుస్తకంలో దాని వాటా దాదాపు సున్నాగానే కనిపిస్తుంది. ఇక దక్షిణాదిలో ధనికమైన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ పురుషుల సాకర్‌ను అసలు నిర్వహించదు. దాని సభ్యులలో కెంటకీ, దక్షిణ కరోలినా మాత్రమే ఆ ఆట ఆడుతూ, అందుకోసం సన్ బెల్ట్ అనే వేరే కాన్ఫరెన్స్‌ను ఆశ్రయించాయి. అభిమానులు అత్యధికంగా ఉన్న అలబామా, ఫ్లోరిడా, టెక్సస్ విశ్వవిద్యాలయాలు తమ రంగులలో పురుషుల సాకర్ జట్టును బరిలోకి దించకపోతే ఆ ఆటకు జాతీయ ప్రేక్షకులు ఎక్కడినుండి వస్తారు?

దీనికి 1972 నాటి టైటిల్ నైన్ చట్టమే కారణమని తరచు అంటారు. విద్యాసంస్థలలో స్త్రీపురుషులకు సమానావకాశాలు కల్పించాలన్నది ఆ చట్టం. 2025 వరకు 85 ఉపకారవేతనాల పరిమితి ఉండిన ఫుట్‌బాల్‌కు మహిళలలో సమానమైన ఆట లేదు. ఆ లోటు పూడ్చడానికి విశ్వవిద్యాలయాలు మహిళల సాకర్ జట్లను పెద్దయెత్తున నెలకొల్పాయి. అగ్రశ్రేణిలో నేడు మహిళల జట్లు దాదాపు 350 ఉండగా పురుషుల జట్లు 200కు కొంచెం పైన మాత్రమే. మహిళలకు 14 ఉపకారవేతనాలు, పురుషులకు 9.9 అన్న పాత పరిమితి కూడా ఈ లెక్కలోనిదే. అయితే నిందను చట్టంపై మోపడం సమంజసం కాదు. పురుషులకు కేటాయించిన స్థానాలలో సింహభాగం ఒకే ఆటకు ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయాల నిర్ణయం, చట్టం ఆదేశం కాదు.

2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ ఒప్పందం ఈ పరిస్థితిని మరింత తీవ్రం చేసింది. దాని ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు మొదటి సంవత్సరంలో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. ఉపకారవేతనాల పరిమితి తొలగి, దాని స్థానంలో జట్టు సభ్యుల సంఖ్యకు పరిమితి వచ్చింది. సాకర్‌కు అది 28. కాగితంమీద చూస్తే 28 మందికీ పూర్తి ఉపకారవేతనం ఇవ్వవచ్చు. కాని చెల్లింపుల సొమ్ము అధికభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతున్నప్పుడు సాకర్‌కు ఆ స్వేచ్ఛ ఎంతవరకు అక్కరకు వస్తుంది? ఆదాయం లేని జట్టు ఖర్చుల కోతకు మొదటి గురి అవుతుంది.

ఇక్కడ లెక్క వేసే తీరును కూడా ప్రశ్నించవలసి ఉంది. క్రీడా విభాగం ఉపకారవేతనాన్ని ఖర్చుగా రాస్తుంది. ఆ సొమ్ము బయటికి పోదు, అదే విశ్వవిద్యాలయపు మరొక ఖాతాలో ఫీజుగా జమ అవుతుంది. తరగతిలో ఖాళీ కుర్చీ ఉన్నచోట అదనపు విద్యార్థివల్ల కలిగే అసలు ఖర్చు, పుస్తకంలో చూపే ఖర్చుకంటే బాగా తక్కువ. పాత 9.9 పరిమితిలో ముప్పై మంది దాకా ఉండే జట్టును తీసుకుంటే, ఆటగాళ్లలో చాలామంది ఫీజులో అధికభాగం సొంతంగా చెల్లించినట్లే. వారిలో కొందరు సాకర్ లేకపోతే ఆ విశ్వవిద్యాలయంలో చేరేవారే కాదు. ఆ ఫీజు సాకర్ ఆదాయంగా ఏ పట్టికలోనూ కనిపించదు.

ఈ లెక్కను బాగా అర్థం చేసుకొన్నవి చిన్న కళాశాలలు. మూడవ శ్రేణిలో క్రీడా ఉపకారవేతనాలు అసలే లేవు, ప్రసార హక్కుల సొమ్ము ఊసు లేదు. అయినా అక్కడ 400కు పైగా కళాశాలలు పురుషుల సాకర్ జట్లను నడుపుతున్నాయి. ఇది అగ్రశ్రేణి సంఖ్యకు దాదాపు రెట్టింపు. అదే శ్రేణిలో ఫుట్‌బాల్ ఆడే కళాశాలలు అంతకంటే తక్కువ. ఆ ఆటకు సరంజామా, బీమా, శిక్షక బృందం అన్నీ ఎక్కువే కావాలి. సాకర్‌కు ఒక పచ్చిక మైదానం, ఇద్దరు శిక్షకులు, ప్రయాణానికి ఒక బస్సు చాలు. విద్యార్థుల సంఖ్య తగ్గుతుందని భయపడే కళాశాలకు ఫీజు చెల్లించే పాతిక ముప్పై మంది యువకులు ఆ జట్టుతో వస్తారు.