చవక పిస్తోలు
మా బావగారికి నాందేడ్ నవా మోంఢాలో పత్తి వ్యాపారం. సాయంత్రం రొక్కంతో ఇల్లు చేరతారు. ఒకరోజు, "జేబులో పట్టే పిస్తోలోయ్, పాతదే, చవగ్గా ఇస్తానంటున్నాడొకడు" అన్నారు. నా గుండె గుభేలుమంది. లైసెన్సు సంగతి అడిగితే, "అదంతా ఎందుకోయ్!" అన్నారు.

1959 ఆయుధాల చట్టం ప్రకారం కలెక్టరుగారి లైసెన్సు లేనిదే పిస్తోలు ఇంట్లో ఉండకూడదు. 2019 సవరణ తర్వాత పట్టుబడితే కనీసం 2 ఏళ్ల జైలు. అది 9 ఎం.ఎం. అయితే మరీ తంటా. నిషిద్ధ బోరు కనుక 7 ఏళ్లకు తగ్గదు. లైసెన్సు మీద మనబోటివాళ్లకు దొరికేది ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వారి .32 బోరు. అదేమీ చవక కాదు!

"రొక్కం మోయడమెందుకు, బ్యాంకులో వేయరాదూ?" అన్నాను. బావగారు మూడు రోజులు పలకలేదు. నాలుగోనాడు అక్కయ్య పాస్‌బుక్కు పట్టుకుని వచ్చింది.